రైలుబండియు దాని నిలుపుదలయు

మా కోటకు రైలుస్టేషను లేదు. బండికూత వినవలెనన్న గూడూరు పోయి వినవలసినదే. చెన్నపట్టణమునకు వైద్యమునకై పోవు రోగియు, నెల్లూరికి చదువుకొనబోవు విద్యార్థియు, హైకోర్టు పనిమీద విజయవాడలో దిగవలసిన రైతును, మొదట గూడూరు బస్సెక్కి, పిదప రైలెక్కుదురు. అందుచే రైలు మన యూరిలోనికి రాకున్నను, మన యూరివారి ప్రాణములు నిత్యము దానిమీదనే ప్రయాణము చేయుచున్నవి.

2024 అక్టోబరు 11వ తేదీ రాత్రి ఎనిమిదిన్నర గంటల ప్రాంతమున, మైసూరునుండి దర్భంగాకు పోవు బాగ్మతీ ఎక్స్‌ప్రెస్ చెన్నపట్టణము దాటి గూడూరు దిక్కుగ వచ్చుచు, పొన్నేరి విడిచి కవరైపేట స్టేషనులో ప్రవేశించెను. నేరుగ పొమ్మని పచ్చదీపము వెలుగుచుండెను. బండిమాత్రము నేరుగ పోక, ప్రక్కనున్న లూపులైనులోనికి మరలి, అచ్చట నిలిచియున్న గూడ్సుబండిని గంటకు సుమారు 75 కిలోమీటర్ల వేగముతో ఢీకొనెను. పెక్కు పెట్టెలు పట్టాలు తప్పినవి. ఇరువదిమందికి దగ్గరగ గాయపడిరి. ఒక్కరును మరణింపకుండుట కేవలము దైవకృప.

మరునాడు పఠనమందిరమున ఈ వార్త చదువగనే ఒక పెద్దమనుష్యుడు, “ఆ డ్రైవరు బండిని అటెందుకు త్రిప్పినాడయ్యా?” అని యడిగెను. చుట్టునున్నవారెవరును ఆ ప్రశ్నను తప్పుపట్టలేదు. మేము ఈ వ్యాసము వ్రాయుటకు ఆ ప్రశ్నయే కారణము. రైలు ప్రమాదములను గూర్చి మన దేశమున జరుగు అన్యాయములో సగము ఆ ప్రశ్నలోనే యిమిడియున్నది.

రైలు డ్రైవరు బండిని త్రిప్పలేడు. బస్సు నడుపువాని చేతిలో త్రిప్పుటకు చక్రముండును. రైలింజనులో అట్టిది లేనేలేదు. వేగము హెచ్చించుట, తగ్గించుట, ఆపుట, కూత వేయుట, ఇంతవరకే అతని యధికారము. బండి యెటు పోవలెనో నిర్ణయించునవి పట్టాలు. మన పెద్దలైనులో రెండు పట్టాల నడుమ దూరము 1676 మిల్లీమీటర్లు, అనగా ఐదడుగుల ఆరంగుళములు. చక్రమునకు లోపలివైపున ఒక అంచు పొడుచుకొని యుండును. ఆ అంచు పట్టాను దాటిపోనీయక బండిని దారిలో నిలుపును. పట్టా యెటు వంగిన చక్రమటు వంగవలసినదే.

ఒక లైనునుండి వేరొక లైనునకు మార్చుచోటును పాయింటు అందురు. అచ్చట రెండు కదలెడి పట్టాలుండును. వాని కొనలు కత్తిమొనవలె సన్నముగ చెక్కబడియుండును కనుక వానిని నాలుకలని పిలుతురు. ఒక నాలుక తన ప్రక్కనున్న స్థిరమైన పట్టాకు అంటుకొనినచో బండి నేరుగ పోవును. రెండవ నాలుక అంటుకొనినచో ప్రక్కదారి పట్టును. ఏ నాలుకయు సరిగ అంటుకొనక నడుమ నిలిచినచో ఒక చక్రమొక దారిని, వేరొక చక్రమింకొక దారిని పట్టబోయి బండి కూలును. పూర్వము కేబినులో నిలిచినవాడు బరువైన లీవరును లాగి, ఇనుపకడ్డీల మూలమున ఈ నాలుకలను కదలించెడివాడు. నేడు స్టేషను మాస్టరు మీట నొక్కగా విద్యుత్తు మోటారు ఆ పని చేయుచున్నది. చేయి మారినది కాని నాలుకమాత్రము ఆ నాలుకయే. మీటకును నాలుకకును నడుమ తీగ యున్నది. ఆ తీగను కలుపువాడొకడున్నాడు. నాలుకకు బిగించిన మరలను చూచువాడొకడున్నాడు. డ్రైవరు వీరినెవరిని ఎరుగడు. దీపము పచ్చగనున్నదని నమ్మి పోవుచుండును.

నమ్మక గతిలేదు. ఇనుముపై ఇనుము జారును. రైలుబండికి అంతటి బరువును అంత తక్కువ శ్రమతో లాగు శక్తి ఆ జారుడువలననే కలిగినది, ఆగుటలోని కష్టమును దానివలననే కలిగినది. గంటకు 130 కిలోమీటర్లు పోవుబండి సెకనుకు 36 మీటర్లు దాటును. బ్రేకు పూర్తిగ వేసినను ఇంచుమించు ఒక కిలోమీటరు పోయిగాని నిలువదు. చీకటిలో ఇంజను దీపము వెలుగు అంతదూరము స్పష్టముగ చూపదు. అడ్డును కంటితో చూచి ఆపుట సాధ్యము కాదు కనుకనే, రెండు పసుపు దీపములు, పిదప ఒక పసుపు దీపము, పిదప ఎఱ్ఱదీపము అను వరుసతో ముందుగనే హెచ్చరించు ఏర్పాటు చేసిరి. ఆ దీపము అబద్ధమాడినచో డ్రైవరు చేయగలది ఏమియు లేదు.

దీపము అబద్ధమాడకుండ చేయుటకే రైల్వే ఇంజనీర్లు నూరేండ్లకు పైగా బుద్ధినంతయు వెచ్చించిరి. ఈ చరిత్ర మన పత్రికలలో కానరాదు కనుక కొంచెము చెప్పెదము. 1856లో ఇంగ్లాండున జాన్ సాక్స్‌బీ యనునతడు పాయింటు లీవరును, సిగ్నలు లీవరును ఒకదానితో నొకటి బంధించు యంత్రమునకు పేటెంటు పొందెను. పాయింటు సరిగ అమరి బిగియనిదే సిగ్నలు లీవరు కదలదు. కేబినులోని మనుష్యుడు నిద్రమత్తులో నున్నను, తొందరలో నున్నను, తప్పు సిగ్నలు ఇయ్యదలచినను, ఇనుము ఒప్పుకొనదు. 1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ పట్టాలలోనే స్వల్పమైన విద్యుత్తును ప్రవహింపజేసి, బండి యా పట్టాలపై నిలిచినంతనే ఆ ప్రవాహము తప్పి సిగ్నలు ప్రమాదసూచన చూపునట్లు చేసెను. తీగ తెగినను, బ్యాటరీ చచ్చినను, పట్టా విరిగినను అదే ప్రమాదసూచన. అదే కాలమున వెస్టింగ్‌హౌస్ కనిపెట్టిన గాలిబ్రేకు ఇంకను చిత్రమైనది. గొట్టములోని గాలియొత్తిడి బ్రేకును వేయదు, బ్రేకును విడిచి పట్టుకొని యుండును. గొట్టము తెగినను, పెట్టెలు విడిపోయినను ఒత్తిడి తగ్గి, బ్రేకు తనంతటతానే పడును. మన పెద్దలెఱిగిన రెక్కసిగ్నలు సంగతియు నిట్టిదే. తీగ లాగిననే రెక్క వాలును. తీగ తెగినచో బరువు దానిని లేపి అడ్డముగ నిలుపును. అడ్డముగనున్న రెక్కకు అర్థము ఆగుమని.

వీనియన్నిటిలో ఒకే బుద్ధి యున్నది. ఏది తెగినను, ఏది చెడినను, ఏ సంగతి తెలియకున్నను బండి ఆగవలెను. పోవుటకు ప్రతిసారి అనుమతి కావలెను; ఆగుటకెవరి అనుమతియు నక్కరలేదు. రైల్వే యను మహాయంత్రమునకు ఇదియే ధర్మశాస్త్రము. నేడు మన దేశమున ఈ ధర్మము తలక్రిందులగుచున్నదనుటయే మా అభియోగము.

ఇంగ్లీషువారు సైతము దీనిని ఊరక నేర్వలేదు. 1889 జూనులో ఐర్లండునందలి అర్మా వద్ద, ఆదివారపు బడిపిల్లలు వనభోజనమునకు పోవుచున్న బండి పెట్టెలు కొన్ని విడిపోయి వెనుకకు దొరలి, వెనుక వచ్చుచున్న బండిపై పడినవి. ఇంచుమించు 80 మంది చనిపోయిరి. వారిలో చాలమంది చిన్నపిల్లలు. అంతవరకు ఖర్చు ఖర్చని మొఱపెట్టుచు వచ్చిన కంపెనీల నోరు మూయించి, పార్లమెంటు ఆ సంవత్సరమే పాయింటుబంధనము, బ్లాకు పద్ధతి, ప్రయాణికుల బండ్లకు తనంతటతాను పడు బ్రేకు తప్పనిసరి యని శాసనము చేసెను. పాలితులైన ఐర్లండు బిడ్డలకొరకైనను ఆపాటి చలనము కలిగెను. మన దేశములోని కంపెనీలకు పెట్టుబడిపై నూటికి అయిదు వడ్డీ మన పన్నులనుండియే హామీ యుండెను కదా! వారికి తొందర యేమి? మూడవతరగతి పెట్టెలలో పశువులవలె క్రుక్కబడిన ప్రజల దురవస్థను 1917లో గాంధీమహాత్ముడు వ్రాసి ప్రకటించునాటికి, ఈ తీరమున విజయవాడ మద్రాసు లైను పడి పదునెనిమిదేండ్లైనది.

స్వరాజ్యము వచ్చినది. రైలు మనదైనది. మనదైన పిదప జవాబు చెప్పవలసినవారెవరు? 1956లో ఈ ప్రశ్నకొక సమాధానము దొరకెను. ఆ సంవత్సరము సెప్టెంబరు మొదటను జడ్చర్ల మహబూబునగరముల నడుమ వంతెన కూలి నూరుమందికి పైగా మరణించిరి. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా పంపగా ప్రధాని యొప్పుకొనలేదు. నవంబరు 23న తమిళదేశమున అరియలూరు వద్ద వేరొక వంతెన వరదలో పోయి 140 మందికి పైగా మరణించినప్పుడు శాస్త్రి మరల రాజీనామా ఇచ్చి, ఈసారి పదవి విడిచెను. ఆ వంతెనలను ఆయన కట్టలేదు, ఆ వరదలను ఆయన తేలేదు. అయినను పై చోటున నున్నవాడు తానేయని యెఱిగెను.

వరదమాట వచ్చినది కనుక మఱియొకటి చెప్పవలెను. 2005 అక్టోబరు 29న నల్లగొండ సీమయందు వలిగొండ వద్ద చెరువునీరు ముంచుకొనివచ్చి చిన్నవంతెన కొట్టుకొనిపోగా, తెల్లవారుజామున డెల్టా ప్యాసింజరు అందులో పడి నూరుమందికి పైగా చనిపోయిరి. 2021 నవంబరు 20న పెన్న పొంగినప్పుడు మన నెల్లూరు పడుగుపాడుల నడుమ వరద పట్టాలపై పొర్లి, క్రింది కంకరను కోసివేసెను. కాని ఆ నీటిలో ఏ బండియు పడలేదు. ముందుగనే ఆపిరి; బండ్లు రద్దయినవి, త్రోవలు మళ్ళించబడినవి. వేలమంది స్టేషనులలో చిక్కి విసుగుకొనిరి, అధికారులను తిట్టిరి. తిట్టినవారిలో మా మిత్రులును ఉన్నారు. వలిగొండకును పడుగుపాడునకును గల భేదమంతయు, సకాలమున ఎవరో ఒకరు చూచుట, చెప్పుట, ఆపుట. ఆ ఎవరో ఒకరి పేరు ఏ పత్రికయు వేయలేదు. ఆగిన బండి వార్త కాదు.

ఇక 2023 జూను 2వ తేదీకి వత్తము. ఆ సాయంకాలము ఒడిస్సాలో బహనగ బజారు స్టేషనువద్ద కోరమాండల్ ఎక్స్‌ప్రెస్, మన నెల్లూరు గూడూరులమీదుగ చెన్నపట్టణము చేరు బండి, గంటకు 128 కిలోమీటర్ల వేగమున వచ్చుచుండెను. దీపము పచ్చన. పాయింటు లూపునకు మళ్ళియుండెను. లూపులో ఇనుపఖనిజపు గూడ్సు నిలిచియుండెను. కూలిన పెట్టెలు ఎదురులైనుపై పడగా, అటుగ పోవుచున్న హౌరాబండియు వానిని తాకెను. 290 మందికి పైగా మరణించిరి. ఆ జూలైలో రైల్వే మంత్రి రాజ్యసభకిచ్చిన వ్రాతపూర్వకమైన జవాబు ప్రకారము, పూర్వము సిగ్నలు తీగల మార్పులో జరిగిన లోపమును, ఆనాడు లెవలుక్రాసింగు గేటు పనిలో జరిగిన లోపమును కారణములు. అనగా, సాక్స్‌బీ 1856లో బంధించిన ముడిని మనవారు 2023లో మరమ్మతు చేయుచు విప్పివేసిరి. దీపమొకటి చెప్పెను, నాలుక యింకొకటి చేసెను.

ఇంతకన్న బాధాకరమైనది, దీనికి నాలుగు నెలలకు ముందే హెచ్చరిక వచ్చియుండుట. 2023 ఫిబ్రవరి 8న కర్ణాటకలోని హోసదుర్గ రోడ్డు స్టేషనున సంపర్క క్రాంతి ఎక్స్‌ప్రెస్‌కు సిగ్నలు ఒక దారికి, పాయింటు వేరొక దారికి అమరెను. డ్రైవరు మెలకువగలవాడై, బండి తప్పుదారి పట్టకముందే ఆపెను. నైరుతి రైల్వేకు చెందిన పెద్ద యధికారియొకడు, సిగ్నలు పద్ధతిలో ఘోరమైన లోపములున్నవనియు, వెంటనే సరిదిద్దనిచో పెద్దప్రమాదములు కలుగుననియు లేఖ వ్రాసెను. ఆ లేఖ యే బల్లపై నెన్నినాళ్ళు నిదురించెనో పాఠకులే యూహించుకొనవచ్చును. బహనగ పిదప ముగ్గురు రైల్వే ఉద్యోగులను నిర్బంధించిరి. తీగ కలిపినవాడు, కలిపించినవాడు తప్పుచేసిన శిక్షింపుడు, మేము వద్దనము. కాని హెచ్చరికను చదివి ప్రక్కన పెట్టినవారి సంగతి యేమి?

ఆ సంవత్సరమే అక్టోబరు 29న మన విజయనగరము సీమయందు కంటకాపల్లి వద్ద, పలాస ప్యాసింజరును వెనుకనుండి రాయగడ ప్యాసింజరు ఢీకొని 14 మంది చనిపోయిరి. చెడిపోయిన ఆటోమేటిక్ సిగ్నళ్ళను నియమము ప్రకారము ఆగి, మెల్లగ దాటవలసియుండగా డ్రైవరు అట్లు చేయలేదని మొదటి విచారణ తేల్చెను. ఆ డ్రైవరును, అతని సహాయకుడును ఆ ప్రమాదములోనే మరణించిరి. మరణించినవాడు తన జవాబు చెప్పుకొనలేడు. సిగ్నళ్ళు ఏల చెడినవి, చెడినవని తెలిసిన పిదప ఆ దారిని బండి వెనుక బండిని ఏల పంపిరి అను ప్రశ్నలు బ్రతికినవారిని అడుగవలసినవి. పఠనమందిరమున మా పెద్దమనుష్యుడు “డ్రైవరు ఎందుకు త్రిప్పినాడు” అని యడిగినట్లే, పైవారును సులభమైన ప్రశ్ననే యడుగుచున్నారు.

కవరైపేట సంగతి వేరు. అచ్చట పాయింటు భాగములు ఎవరో బలాత్కారముగ ఊడదీసినట్లు దర్యాప్తులో తేలినదని 2025లో పత్రికలలో వచ్చెను. దుండగులను పట్టవలసినదే. అయినను మేమడుగునది వేరొకటి. పాయింటును చూచుచు పట్టాలవెంట నడచువారు ఎందరుండవలెను, ఎందరున్నారు?

2022లో విజయవాడ గూడూరు మార్గమునను, గూడూరు చెన్నపట్టణము మార్గమునను బండ్ల పరమవేగమును 130 కిలోమీటర్లకు పెంచిరి. అంతకుమునుపు చెన్నపట్టణపు మార్గమున నది 110. ఈ పెంపుదలను మేమును సంతోషముతో చదివితిమి. వేగమునకు మేము శత్రువులము కాము. కాని పది గంటల ప్రయాణమును తొమ్మిది గంటలు చేసినవాడు పత్రికలలో బొమ్మ వేయించుకొనును, పచ్చజెండా యూపును. నాలుకకు మర బిగించినవాని బొమ్మ ఎచ్చటను లేదు. రైల్వే మర్యాదయంతయు పోవుటకే దక్కుచున్నది, ఆపుటకు దక్కుటలేదు.

కవచమను ఏర్పాటును గూర్చి ఇప్పుడు ఎక్కువగ చెప్పుచున్నారు. అది మంచిదే, పైగా మన తెలుగునేలమీదనే పరీక్షింపబడినది. 2016 నుండి దక్షిణ మధ్య రైల్వేలో ప్రయాణికుల బండ్లతో ప్రయోగములు జరిగినవి. 2022 మార్చిలో సికింద్రాబాదు దాపున గుల్లగూడ చిట్టిగిడ్డల నడుమ మంత్రియే ఇంజనులో కూర్చుండి పరీక్ష చూచెను. డ్రైవరు ఎఱ్ఱదీపమును దాటబోయినను, మితిమీరిన వేగమున పోయినను, ఎదురుగ వేరొక బండి వచ్చినను అది తానే బ్రేకు వేయును. కంటకాపల్లివంటి చోట అది ప్రాణములు కాచెడిది. కాని సిగ్నలే అబద్ధమాడిన బహనగలోగాని, నాలుక మరలే ఊడిన కవరైపేటలోగాని అది యేమి చేయగలదు? పచ్చదీపము పచ్చదీపమేయని అదియు నమ్మును. కనుక కవచము చూపి మనుష్యులను తగ్గింపరాదు.

మన తీరపు ప్రజలు ప్రత్యేకముగ గమనింపవలసిన దొకటి యున్నది. బహనగలోను కవరైపేటలోను తప్పుదారి పట్టిన బండికి ఎదురైనది లూపులో నిలిచిన గూడ్సు. లూపు ఖాళీగనున్నచో నష్టము వేరుగ నుండెడిది. మన లైనుపై లూపులు ఖాళీగ నుండునా? కృష్ణపట్నపు రేవునుండి బొగ్గును, ఇతర సరకులును బండ్లకు బండ్లు వచ్చుచున్నవి. 2019లో వెంకటాచలమునుండి ఓబులవారిపల్లెకు క్రొత్తలైను తెరచినను రద్దీకి కొదువ లేదు. ఒకే జత పట్టాలపై వందేభారతును, బొగ్గుబండిని, ప్యాసింజరును నడుపునప్పుడు మెల్లనిది ప్రక్కకు తప్పుకొనవలసినదే. విజయవాడ గూడూరుల నడుమ మూడవలైను పనిని అందరును వేగము కొరకని యనుకొనుచున్నారు. అది నిజముగ ప్రాణరక్షణ కొరకు.

లూపులో నిలుచునది గూడ్సు ఒక్కటియే కాదు. పెద్దబండి దాటిపోవువరకు మన ప్యాసింజరును గూడ అచ్చటనే నిలుపుదురు. చెన్నపట్టణపు ఆసుపత్రినుండి మరలి వచ్చు ముసలిది, కూలికి పోయివచ్చు కుఱ్ఱవాడు, బుట్టలతో చేపలమ్మ, కిటికీలోనుండి చీకటిలోనికి చూచుచు, “ఎప్పుడు కదులునో” యని విసుగుకొనుచు ఆ లూపులో కూర్చుండియుందురు. వారి ప్రక్కలైనులో 130 కిలోమీటర్ల వేగమున వచ్చుబండికిని వారికిని నడుమ నున్నది రెండు నాలుకలు, ఒక తీగ, కొన్ని మరలు.

కాబట్టి కోట పఠనమందిరమువారును, వాకాడు, చిల్లకూరు, గూడూరు మిత్రులును తమ లోక్‌సభ సభ్యునికి ఈ ప్రశ్నలు వ్రాతమూలమున పంపవలెనని కోరుచున్నాము. నెల్లూరునుండి గుమ్మిడిపూండివరకు ప్రతి స్టేషనునందును పట్టాలు, పాయింట్లు, సిగ్నళ్ళు చూచుటకు మంజూరైన ఉద్యోగములెన్ని, నేడు ఖాళీగనున్నవెన్ని? సిగ్నలు తీగలు విప్పి మరమ్మతు చేసిన పిదప, బండి విడుచుటకు ముందు, వేరొక యధికారి చేతితో పరీక్షించి సంతకము చేయు నియమము ప్రతి స్టేషనున పాటింపబడుచున్నదా? సిగ్నలు ఒకటి, పాయింటు ఒకటి చూపిన సంఘటనలు గడచిన అయిదేండ్లలో ఈ మార్గమున నెన్ని? రైల్వే భద్రతా కమిషనరు పౌరవిమానయాన శాఖక్రింద నుండువాడు, రైల్వేకు లోబడినవాడు కాడు. అట్టివాని నివేదికలను తెలుగులో అచ్చువేసి గూడూరు స్టేషనున ప్రజలకు దొరకునట్లు చేయుటకు అభ్యంతరమేమి? కవచము మన మార్గమున ఏ స్టేషనునుండి ఏ స్టేషనువరకు ఏ తేదీకి పనిచేయునో ఒక పట్టిక అంటింపరాదా?

సభ్యుడు పార్లమెంటులో ఈ ప్రశ్నలడిగినచో జవాబు అచ్చులో వచ్చును. వచ్చిన జవాబును, రాకున్నచో రాలేదన్న సంగతిని, ఈ పుటలోనే ప్రకటింతుము. లేఖలు పంపువారు తమ స్టేషను పేరు స్పష్టముగ వ్రాయవలెను.